దేవుని గూట్లో బల్లి ఫోటో

మా అత్త పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది ధర్మవరం నుంచి పట్టుచీరల మూట తెచ్చే పెద్దాయన. ఆయన అత్తావాళ్ల వీధిలోనే ఉంటాడు. అప్పుడప్పుడూ పొద్దుటి బండికి పెనుకొండలో దిగి, తెలిసినవాళ్ల ఇళ్లలో మూట విప్పుతాడు. ఆరోజు మూట భుజం మీంచి దించలేదు. గడప అవతలే నిలబడి మంచినీళ్లడిగాడు. చెంబు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "మీ మేనత్త తెల్లారుజామున కన్ను మూసిందమ్మా. నీకు ఫోన్ చేస్తానే ఉండారంట, నువ్వు ఎత్తలేదంట" అన్నాడు.

ఫోను వంటింట్లో ఛార్జింగుకు పెట్టి మరిచిపోయి ఉన్నాను. ఆయన మూట మా ఇంట్లోనే పెట్టి, ఆ పూట బేరం వదులుకుని, నాతోపాటు వెనక్కి బండెక్కాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. దుఃఖంలో ఉన్న మనిషికి అంతకన్నా ఏం చేయగలరు ఎవరైనా. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి.

దినాలు అయ్యేవరకు ధర్మవరంలోనే ఉన్నాను. అత్త పెంచిన కూతురు ఇల్లంతా సర్దుతుంటే, ఆమె పిల్లలు దేవుని గూడు శుభ్రం చేస్తూ ఒక ఫోటో బయటికి తీశారు. చిన్న ఫ్రేము. రంగులన్నీ వెలిసిపోయి ఇటుక రంగులోకి తిరిగిన బొమ్మ. అందులో ఒక ఆడమనిషి భుజం, భుజం మీద బల్లి. ముఖం లేదు. వెంకటేశ్వరస్వామికీ లక్ష్మీదేవికీ మధ్య ఇన్నేళ్లుగా ఉన్నది అది. పిల్లలు నవ్వారు. దేవుళ్ల పక్కన బల్లేమిటి, తీసేద్దామా అని అడిగారు. మంచం మీద పడుకున్న మామ తల ఎత్తకుండానే దాన్ని ముట్టుకోవద్దన్నాడు. ఎందుకని అడిగితే నావైపు చెయ్యి చూపించాడు.

ఆరోజు నాకు చెప్పే ఓపిక లేకపోయింది. ఆ ఫోటో తీసింది నేనే అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. పెనుకొండకు తిరిగొచ్చాక ఇంటిపని ముట్టుకోవడానికి ఒళ్లు సహకరించడం లేదు. పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే కాళ్లు పీకుతున్నాయి. కూర్చుని చేయగలిగిన పని ఇదొక్కటే కనబడింది. ఆ పిల్లలకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

చిన్నప్పుడు మేం హిందూపురంలో ఉండేవాళ్లం, మార్కెట్టు వెనక సందులో. నాయనకు బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయల అంగడి. సరుకు సగం అంగట్లో, సగం ఇంట్లో. అందుకని మా ఇంటికి ఎప్పుడూ ఒక వాసన ఉండేది. ముందు గదిలో బెల్లం, నడవలో మిరప ఘాటు, దొడ్డివైపు వసారాలో చింతపండు పులుపు. కళ్లు మూసుకుని నడిచినా ఎక్కడున్నానో చెప్పగలిగేదాన్ని.

నాకు కీళ్ల జ్వరం వచ్చి గుండెకు సోకింది. అనంతపురం డాక్టరు పరుగెత్తనీయొద్దు, గుంపులోకి పంపొద్దు అన్నాడు. బడి అంతటితో సరి. నాకు చదువు చెప్పింది మా అత్త, నాయన చెల్లెలు. పెళ్లయిన మరుసటేడే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. పదో తరగతి వరకు చదివిన మనిషి. వసారాలో కూర్చుని చింతకాయలు కొట్టి గింజ తీస్తూ నాకు ఎక్కాలు చెప్పేది. కొట్టుడుకర్ర దెబ్బకొక లెక్క. ఇప్పటికీ నాకు ఎక్కాలు ఆ దెబ్బల మీదే గుర్తొస్తాయి. ఆమె వేళ్లు ఎప్పుడూ గోధుమరంగుగా, పుల్లటి వాసనతో ఉండేవి. నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసినప్పుడల్లా ఆ వాసనే.

అమ్మ పొద్దంతా అంగట్లో నాయనకు తోడు. ఇంట్లో నేను, అత్త, అవ్వ. అవ్వ అంటే నాయన తల్లి. ఆమెకూ చిన్న వయసులోనే మొగుడు పోయాడు. ఇద్దరు బిడ్డల్ని పెట్టుకుని, నాయన చేతికొచ్చేదాకా ఆ అంగడి తానే నడిపింది. చదువు రాదు. అయినా ఏ పనికి ఏ ఘడియ మంచిదో, ఏ దిక్కు ప్రయాణం ఏ రోజు కూడదో, బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏం జరుగుతుందో అన్నీ నోటికి చెప్పేది. ఆమె మాట మీద మా ఇల్లు లేచేది, ఆమె మాట మీద పడుకునేది.

నాకు కాస్త నయమైన ఏడు, బెంగుళూరులో ఫ్యాక్టరీలో పనిచేసే మేనమామ ఒక కెమెరా తెచ్చిచ్చాడు. కొత్తది. సబ్బుపెట్టెంత నల్లటి కెమెరా. వెనక తలుపు తీసి రీలు పెట్టాలి, బొటనవేలితో చక్రం తిప్పాలి, ఫ్లాష్ వెలిగే ముందు కుయ్యిమని సన్నగా కూసేది. మేనమామ ఉన్న రోజే అమ్మను, నాయనను, నన్ను గోడకు నిలబెట్టి తీశాడు. తర్వాత కెమెరా నా చేతిలో ఉంది కానీ తీయడానికి మనుషులు లేరు. అవ్వను అడిగితే, మొగుడు పోయినోళ్లకు ఫోటో ఏందే అంది. అత్త నవ్వి పక్కకు జరిగింది. కెమెరా కన్ను ఎటు తిరిగితే ఆమె అటు లేకుండా చూసుకునేది. అవ్వ ఫోటో ఒక్కటంటే ఒక్కటి ఈనాటికీ లేదు.

అందుకని నేను పురుగుల మీద పడ్డాను.

బెల్లం ఉన్న ఇంటికి చీమలు వస్తాయి, ఈగలు వస్తాయి, కందిరీగలు వస్తాయి. వాటికోసం బల్లులు వస్తాయి. మా దొడ్లో ఒక మునగచెట్టు, ఒక నిమ్మచెట్టు, బట్టలుతికే బండ, ఒక మూల పాత గోనెసంచుల కుప్ప. గోనెసంచుల కింద జెర్రులు, రోకలిబండ పురుగులు. బండ మీద ఎండ కాగుతూ తొండ. నిమ్మాకుల మీద ముట్టుకుంటే కొమ్ములు బయటపెట్టే పచ్చటి గొంగళిపురుగు. మునగమానుకు బెరడులో బెరడై అతుక్కుపోయిన బల్లి. బడి పిల్లలకు ఊరంతా ఉంటే నాకు ఈ దొడ్డి ఉంది. దేవుడు ఒక తలుపు మూసినా దొడ్డితలుపు తీసే పెట్టాడని ఇప్పటికీ అనుకుంటాను.

బండ మీద బెల్లప్పొడి చల్లి ఈగలకోసం కాచుకునేదాన్ని. ఆ బెల్లం అమ్మకు తెలియకుండా తీసుకునేదాన్ని. ఒకసారి చీమల బారు బండ నుంచి వసారా మీదుగా నడవలోని బస్తాలదాకా సాగింది. అమ్మ చీపురు పట్టుకుని, ఈ ఇంట్లో చీమలకు దావ చూపించింది ఎవురు అని అడుగుతూ తిరిగింది. అవ్వకు నేనని తెలుసు. తెలిసీ చెప్పలేదు. సాయంత్రం నా పక్కన కూర్చుని, దేవుని రూపాలు తీయమంటే పురుగుల రూపాలు తీస్తాండావేమే అని మాత్రం అంది. పురుగులూ దేవుడు చేసినవే కదా అన్నాను. అట్లయితే ముందు దండం పెట్టుకుని తియ్ అంది. అప్పటినుంచి ప్రతి పురుగుకూ చేతులు జోడించి తీసేదాన్ని. ఒక్కోసారి దండం పెట్టేలోపు అది ఎగిరిపోయేది.

మొదటి రీలంతా పాడయింది. ఎంత దగ్గరికి పోతే అంత బాగా వస్తుందనుకుని, కెమెరా పురుగు మూతికి ఆనించి తీశాను. ఫోటోలు తెచ్చిన నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. పాప మబ్బులు తీసిందా అని స్టూడియో ఆయన అడిగాడంట. ఈ కెమెరాకు దగ్గరివి కనబడవు, నాలుగడుగులు వెనక్కి నిలబడి తియ్యాలని చెప్పి పంపాడు. రెండో రీలు అట్లాగే మొదలుపెట్టాను. దూరం నుంచి తీస్తే తొండ చింతగింజంత వస్తుందని తెలుసు. అయినా మబ్బు కన్నా చింతగింజ మేలు.

ఆ ఎండాకాలంలోనే ధర్మవరం మనిషి మా ఇంటికి రావడం మొదలైంది. ఆయనకు మగ్గాలవాళ్లకు పట్టునూలు, జరీ అమ్మే అంగడి. సరుకు కోసం హిందూపురం వచ్చినప్పుడు నాయనతో స్నేహమైంది. ఒకట్రెండు సార్లు మా ఇంట్లో భోంచేశాడు. అవ్వ రాగిముద్దా, వేరుశనగలు నూరిన ఊరిబిండీ పెడితే తల వంచుకుని తిన్నాడు. భార్య పోయింది, ఒక చిన్న కూతురుంది. కథ చెప్పకపోతే అన్నం తినదని, తనకు రెండు కథలకు మించి రావని, అవే తిప్పితిప్పి చెబుతున్నానని అవ్వతో అన్నాడు. అవ్వ ఇంకో ముద్ద వేసింది.

మధ్యవర్తిని పెట్టకుండా ఆయనే నాయనను అడిగాడు, అత్తను ఇస్తారా అని. మా కులంలో, మా బంధువుల్లో, మొగుడు పోయిన ఆడపిల్లకు మళ్లీ పెళ్లి చేసినవాళ్లు అప్పటికి లేరు. నాయనకు ఇష్టమే. తల్లికి ఎదురు చెప్పే మనిషి మాత్రం కాదు. అవ్వ అవుననలేదు, కాదనలేదు. ఆషాఢం రాకముందే మాట చెప్పాలని, లేకుంటే తనవాళ్లు వేరే సంబంధం చూసేట్టున్నారని ఆయన కబురు చేశాడు.

అత్త ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఎప్పటిలాగే చింతకాయలు కొట్టింది, నాకు భిన్నాలు నేర్పింది. నన్ను వదిలి పోవడం ఆమెకు ఇష్టం లేదని నేను గట్టిగా నమ్మాను. అయినా ఆ ధర్మవరం పాప మీద, ముఖమైనా చూడని పాప మీద, నాకు కడుపు మండేది. ఆ పిల్లకు రెండు కథలు చాలవా, నా అత్త కూడా కావాలా అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అత్త వసారాలో గింజలు ఏరుతోంది. ఆమె నెత్తిమీద దూలానికి ఒక బల్లి, ఒక సాలెపురుగును పట్టడానికి ఆగి ఆగి కదులుతోంది. నేను ఎదురుగా గోడకు ఆనుకుని కెమెరా కంటికి పెట్టుకున్నాను. అత్తకు బల్లంటే ఒళ్లు జలదరింపు. దాన్ని తీసే రీలు ఇంకొకదానికి దాచుకోరాదా అని గొణిగింది. అంతలో సాలెపురుగు దారం పట్టుకుని కిందికి జారింది, బల్లి దానిమీదికి దూకింది. దూలం తప్పింది, అత్త భుజం మీద పడింది.

అత్త కొయ్యబారిపోయింది. ముఖం పక్కకు తిప్పేసుకుంది. నా వేలు బటన్ మీదే ఉంది, నొక్కేశాను. ఫ్లాష్ వెలుగుకు బల్లి మరొక్క దూకు దూకి సంచుల్లోకి పోయింది.

అత్త అరుపుకు అవ్వ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. బల్లి ఎక్కడ పడిందని అడిగింది. అత్త తెలీదమ్మా, చల్లగా తగిలింది అంతే అంది. అవ్వ నావైపు తిరిగింది.

"నువ్వు చూసినావు గదా. చెప్పుమే, యాడ పడింది?"

నేను నా భుజం చరిచి చూపించాను, ఈడ పడింది అవ్వా అని. నేను అత్తకు ఎదురుగా నిలబడి ఉన్నాను. నా కళ్లకు బల్లి ఉన్నది నా కుడివైపు. అందుకని చరిచింది నా కుడి భుజం.

అవ్వ గరిటె కింద పెట్టి, గడప మీద కూర్చుంది. ఆడవాళ్లకు ఎడమ పక్క పడితే శుభం, కుడి పక్క పడితే కీడు. అంతకన్నా ఆమెకు ఇంకో మాట అక్కర్లేదు.

అత్తకు తలకు పోసి, దీపం పెట్టించారు. రెండిళ్ల అవతల ఉండే కంచి పెద్దమ్మను పిలిచారు. ఆమెకు ఆ పేరు ఎందుకొచ్చిందంటే, ఒకప్పుడు కంచికి పోయి గుళ్లో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చింది. దాన్ని ముట్టుకున్నవాళ్లను ముట్టుకుంటే బల్లి పడిన దోషం పోతుందని మా వీధి నమ్మకం. ఎవరిమీద బల్లి పడినా ఆమె ఇంటికే పరుగు. ఆమె చెయ్యి కడుక్కుని, పైటకు తుడుచుకుని, డాక్టరు నాడి చూసినంత గంభీరంగా చెయ్యి చాచేది. అత్త ఆ చెయ్యి పట్టుకుంది. ఇంకేం భయం లేదక్కా, పోయింది దోషం, అంది కంచి పెద్దమ్మ అవ్వతో.

"దోషం పోతాది లేమ్మా. ఈ టయానికి దేవుడు చెప్పాలనుకున్న మాట యాడికి పోతాది?" అంది అవ్వ.

సాయంత్రం నాయన రాగానే, ధర్మవరానికి వద్దని చెప్పెయ్యమంది. నాయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత వసారాలో అత్త కూర్చున్నచోట తాను కూర్చుని, నన్ను నేను నిలబడ్డచోట నిలబెట్టి, ఇప్పుడు నామీద పడినట్టు చూపించు పాపా అన్నాడు. నేను దగ్గరికి పోయి ముట్టుకుని చూపించాను. అది ఆయన ఎడమ భుజం. అవ్వకు కోపమొచ్చింది. మధ్యాన్నం అట్లా, మాపటికి ఇట్లా చెప్పే పిల్ల మాట మీద ఒక ఆడబిడ్డ బతుకు పెడతామా అంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే, నేను ఫోటో తీసినాను అవ్వా, అందులో ఉంటాది అన్నాను.

ఆ మాట నేను ఎందుకన్నానో నాకే తెలియదు. ఊరుకుని ఉంటే అత్త నా దగ్గరే ఉండేది. అబద్ధాలకోరునని అవ్వ అనుకోవడం మాత్రం భరించలేకపోయాను.

అవ్వ ఆలోచించింది. "సరే. ఫోటో చూసినాంకనే మాట" అంది.

రీలు ఇంకా సగం మిగిలే ఉంది. నాయన ఉన్నపళంగా తీసి కడగడానికి ఇచ్చేస్తానన్నాడు. దానికీ అవ్వే అడ్డం పడింది. దుడ్లు పోసి కొన్న రీలు సగంలో పారేసే ఇల్లా ఇది, పాపను తీసుకోనీ అంది. మర్నాడు భోజనాలయ్యాక అత్త కొట్టుడుకర్ర పక్కన పెట్టి లేచింది.

"రా పాపా. నీ పురుగులు యాడుంటాయో చూద్దాం."

బల్లి పేరెత్తితే భుజాలు ముడుచుకునే మనిషి ఆరోజు గోనెసంచులు ఒక్కొక్కటే పైకెత్తింది. కర్రతో రాళ్లు తిరగేసింది. జెర్రి కనబడితే వెనక్కి గంతేసి, మళ్లీ ముందుకొచ్చి, తియ్ తియ్ పోతాండాది అని తొందరపెట్టింది. పచ్చగడ్డిలో పచ్చగా నక్కిన గొల్లభామను ఆమే చూసింది. గొంగళిపురుగున్న నిమ్మరెమ్మను తన చేత్తో వంచి పట్టుకుంది. అది కొమ్ములు బయటపెట్టినా వదల్లేదు. ఆ ఫోటోలో ఆమె వేళ్లు పడ్డాయి. నేను ప్రతిదానికీ దండం పెట్టుకుని, కదిలినదాన్ని మళ్లీ వెతుక్కుని, తీరిగ్గా తీశాను. ఆమె ఎండలో నిలబడి, అయిపోయిందా, ఇంకా ఉండాయా అని అడుగుతూనే ఉంది. నామీద ప్రేమతో నా ఆటలో కలిసిందనుకున్నాను. అంత సంతోషంగా నేను దొడ్లో గడిపిన పూట ఇంకొకటి లేదు. చివరి బొమ్మకు చక్రం తిరగనని మొరాయించినప్పుడు అత్త పెద్ద ఊపిరి విడిచింది. అది అలుపనుకున్నాను.

కలర్ రీలు కడగడానికి బెంగుళూరికి పోయి రావాలి. ఆ కొన్ని రోజులు ఇంట్లో ఎవరూ బల్లి మాట ఎత్తలేదు. గోడ మీద బల్లి టిక్కుమంటే మాత్రం అందరం ఒకేసారి తల ఎత్తేవాళ్లం.

ఫోటోలు ఒక మధ్యాహ్నం వచ్చాయి. నాయన అంగడి అమ్మకు వదిలి, తానే తెచ్చాడు. కంచి పెద్దమ్మ ఎట్లా తెలుసుకుందో అప్పటికే వచ్చి కూర్చుంది. తొండలూ గొల్లభామలూ చేతులు మారాయి. ఇది పురుగా, పుల్లా అని ఒక్కోదానికి విచారణ జరిగింది. చివరికి ఆ ఫోటో వచ్చింది. అన్నింట్లోకీ అదే స్పష్టంగా పడింది. భుజం, దానిమీద బల్లి, నాలుగు కాళ్లూ చాపుకుని. ముఖం తిప్పేసుకుంది కాబట్టి అత్త జుట్టుముడి మాత్రం ఒక అంచున కనబడుతోంది.

నాయన ఫోటోను తన ఎదుట పట్టుకుని, అమ్మా ఇది ఎడమ భుజం అన్నాడు. అవ్వ ఒప్పుకునేట్టే కనబడింది. అప్పుడు కంచి పెద్దమ్మ, ఏ పాపమూ ఎరగకుండా, ఫోటో కూడా అద్దం మాదిరే గదక్కా అంది. అద్దంలో తాను కుడి చెయ్యి ఎత్తితే అవతల ఎడమ చెయ్యి లేస్తుందని, ఎత్తి చూపించింది కూడా.

దాంతో అంతా తిరగబడింది. ఫోటో అద్దం కాదని నాయన వాదించాడు. గోడ మీది తన పెళ్లిఫోటో దించి, గడియారం ఏ చేతికుందో చూడమన్నాడు. అది వేరే కెమెరా అంది అవ్వ. నాయన కవర్లోంచి నల్లటి ఫిల్ము ముక్క తీసి వెలుగుకు పట్టాడు. అది ఇంకా చేటయింది. ఇటు తిప్పితే బల్లి ఎడమన, అటు తిప్పితే కుడిన. చూసినావా నాయనా, దానికే తెలీదు అంది కంచి పెద్దమ్మ. నాయన తల పట్టుకుని కూర్చున్నాడు. అవ్వ ఫోటోను ఒళ్లో బోర్లించింది. ఇక అంతే అనిపించింది నాకు. ఒకవైపు బతికిపోయాననిపించింది. ఇంకోవైపు నాయన ముఖం చూడలేకపోయాను.

అత్త ఇంతసేపూ గడప పక్కన కూర్చుని గింజలు ఏరుతూనే ఉంది. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. తల ఎత్తకుండానే మెల్లగా అంది.

"అమ్మా, బల్లి పైట మీద ఉండాది చూడు. పైట ఏ భుజం మీద ఏసుకుంటాం?"

అవ్వ ఫోటో తిప్పి, కళ్లదగ్గరికి తీసుకుంది. బల్లి కాళ్ల కింద పైట మడతలు, అంచు గీత కూడా కనబడుతున్నాయి. కంచి పెద్దమ్మ తన భుజం తాను తడుముకుని చూసుకుంది. అద్దంలో చూసినా, ఫిల్ములో చూసినా, ఎటు తిప్పినా, పైట ఉన్నది ఎడమ భుజమే.

అవ్వ ఫోటోను ఎక్కువసేపు చూడలేదు. అత్తను చూసింది. అత్త చేతులు ఆగిపోయాయి.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే రీలు మిగిలేది కదమ్మా" అంది అవ్వ.

గొంతులో కోపం లేదు. ఎగతాళీ లేదు. అత్త మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. గోనెసంచులు ఎందుకు ఎత్తిందో, ఇంకా ఉండాయా అని ఎందుకడిగిందో నాకు అప్పుడు తెలిసింది. బల్లి ఎక్కడ పడిందో ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఎడమ భుజం అని తానే అంటే, పెళ్లికి తొందరపడుతోందని ఎక్కడ అనుకుంటారో అని నోరు కట్టుకుంది. పన్నెండో పదమూడో ఏళ్ల వయసు నాది. నేను ప్రాణంగా పట్టుకున్న మనిషికి నేను చాలనని ఆ వసారాలో తెలుసుకున్నాను. ఆ సాయంత్రం అన్నం సయించలేదు. అత్త మీద కోపం మాత్రం రాలేదు. అందుకు ఇప్పటికీ దేవునికి దండం పెట్టుకుంటాను.

అవ్వ లేచి, కొంగు దోపుకుని, ధర్మవరానికి మాట పంపమని నాయనకు చెప్పింది.

పెళ్లి ఇక్కడే పెనుకొండలో, ఒక చిన్న గుళ్లో జరిగింది. మేము, అటునుంచి ఒక నలుగురు, అంతే. అవ్వ దూరంగా స్తంభం పక్కన నిలబడింది. రైలెక్కే ముందు అత్త కాళ్లకు మొక్కితే, దీవెనగా వేరే ఏమీ అనలేదు. "ఆ పాపకు అన్నం తినేటప్పుడు కథ చెప్పాలంట. కొత్తవి చెప్పు" అంది. ఆ ఫోటో అత్త తనతో తీసుకుపోయింది. కెమెరా ఎన్నో ఏళ్లు రాలేదు. ఒక వానాకాలం బ్యాటరీలు కారి లోపలంతా పచ్చగా పొర కట్టింది.

అత్త అక్కడ బాగా బతికింది. ఆ ఇంటినీ, ఆ పాపనూ, మామనూ, మగ్గాలవాళ్ల ఆడవాళ్లనూ కూడా చూసుకుంది. దినాలకు వచ్చినవాళ్లంతా అదే చెప్పుకున్నారు. మామది పెద్ద మనసన్నారు, మా నాయనది ధైర్యమన్నారు. రెండూ నిజమే.

ఎవరూ అనని మాట ఒకటుంది. అత్త వెళ్లాక మా బంధువులు నాయనను ఏమీ అనలేదు, మగవాడు, అంగడి ఉన్నవాడు. అన్నదంతా అవ్వను. వేసవిలో అందరూ కలిసి అప్పడాలు వత్తే ఇంటికి ఆమెను పిలవడం మానేశారు. ఎదురొస్తే తల తిప్పుకుని పోయారు. ఆమె ఒక్కరోజు కూడా ఇంటికొచ్చి చెప్పుకోలేదు. పిండి తానే కలుపుకుని, ఒక్కతే దొడ్లో కూర్చుని అప్పడాలు వత్తింది.

నా చదువు కూడా ఆమె మీదే పడింది. మధ్యాహ్నం పని తెమిలాక, అలసిపోయి వచ్చి, అత్త చోట కూర్చునేది. చదువు పాపా, వింటాండా అనేది. నేను చదువుతుంటే కళ్లు మూతలు పడేవి. నేను ఆపితే మెలకువ వచ్చేది. ఏమాయ, చదువు అనేది. ఒక్క అక్షరం రాని మనిషి, ఏళ్ల తరబడి అట్లా నిద్ర ఆపుకుంటూ నన్ను చదివించింది. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అందుకే. తన మాట నెగ్గలేదని ఆమె ఎప్పుడూ బాధపడలేదు. కూతురు కావాలనుకున్నది తెలిసిన మరుక్షణం తానే దారి తీసింది, దాని ఖరీదు తానొక్కతే మోసింది.

ఇంక రాసే ఓపిక లేదు. చదివినవాళ్లకు ఒక మనవి. మా అత్తను తలుచుకోవడానికి ఆ ఇంటినిండా మనుషులున్నారు. మీరు మా అవ్వను తలుచుకోండి. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, ఒక్కసారి చాలు. ఆమె పేరు తెలియదే అనుకోవద్దు. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆమె బతికుండగానే ఎవరూ మిగల్లేదు.